పుట్టిలో ఎంత వల వేసుకోవాలి?

ఆదోని చరిత్ర రాయమంటే మన పిల్లలు కోట గురించి రాస్తారు, పత్తి మార్కెట్టు గురించి రాస్తారు. ఎమ్మిగనూరు అంటే చేనేత. మంచిదే. కానీ ఈ రెండు ఊళ్ళకీ ఉత్తరాన కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల అంచు వెంట తుంగభద్ర పారుతోంది. ఆ నది మీద తరతరాలుగా ఒక లెక్క నడిచింది. శాసనాల్లో వెతికితే దొరికే లెక్క కాదు. పొద్దుగుంకే వేళ పుట్టిని నీళ్ళలోకి దించే ముందు మనిషి మనసులో వేసుకునే లెక్క: ఈ రాత్రికి ఎన్ని వలలు, ఎన్ని గాలాలు తీసుకుపోవాలి? హాస్టల్ పిల్లలతో కలిసి ఈ ప్రశ్న వెంట పడితే మాకు చాలా చరిత్రే తగిలింది.

ముందు పుట్టి సంగతి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పెద్ద బుట్ట అది. వెనకటికి పైన తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. కన్నడ గట్టున హరిగోలు అంటారు, మన పాత పుస్తకాల్లో అరిగోలు. సుమారు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం ఇలాంటి తోలు బుట్టల్లో నది దాటుతున్నారని, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది పడతారని, తెడ్డు వేస్తుంటే అవి గిరగిరా తిరుగుతూనే పోతాయని రాశాడు. ఇప్పుడు మంత్రాలయం ఒడ్డున నిలబడి చూసినా అదే తిరుగుడు.

యుద్ధాల్లోనూ పుట్టి ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించాడు. కోటలో ఉన్నది నిజాం బంధువుల కుటుంబం. వాళ్ళను తీసుకుపోవడానికి హైదరాబాదు నుంచి సైన్యం వచ్చింది, కానీ వానలు మొదలైతే తుంగభద్ర దాటలేరు. కాబట్టి మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయారు. ఫిరంగులు, సామాను కోటలోనే ఉండిపోయి టిప్పు చేతిలో పడ్డాయి. నది పొంగాక, ఇక ఎవరూ దాటలేరని అవతలి పక్షం ధీమాగా ఉన్నప్పుడు, టిప్పు పడవలూ పుట్టులూ కూడగట్టి సైన్యాన్ని దాటించాడు. ఏది మోయాలో, ఏది వదిలెయ్యాలో నది నిర్ణయించిన కథ ఇది, మన గడప ముందు జరిగింది.

1803లో మరాఠాల మీదికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా నదులు దాటడానికి బుట్ట పడవలు అల్లించాడు. అతని సైన్యానికి ధాన్యం మోసింది బంజారాలు, అంటే మన సుగాలి తాండాల పెద్దలు. ఎద్దుల మీద లదేణి సాగించిన ఆ తాతలకు ఒక్కో ఎద్దు ఎంత మోస్తుందో, ఎండలో ఎన్ని ఆమడలు నడుస్తుందో బాగా తెలుసు. పుట్టి మనిషి లెక్క కూడా అలాంటిదే. పుట్టి అన్న మాటకు మన తెలుగులో ధాన్యం కొలత అనే అర్థం కూడా ఉంది: ఇరవై తూములు ఒక పుట్టి.

ఈ పుస్తకాల్లో దొరల పేర్లున్నాయి, సుల్తానుల పేర్లున్నాయి. బుట్ట అల్లిన వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. తుంగభద్ర మీద చేపల వేట ముఖ్యంగా బెస్తల వృత్తి, పుట్టిని చాలాచోట్ల వాళ్ళే అల్లుకుంటారు, మేదరులూ అల్లుతారు. ఆ గౌరవం వాళ్ళది. అయితే వెదురు చీల్చి, బద్ద తీసి, గంప అల్లే విద్య మన ఎరుకల ఇళ్ళలోనూ ఉంది. నల్లమలలో కృష్ణ ఒడ్డున చెంచులు, దిగువ జిల్లాల్లో యానాదులు చేపలు పట్టి బతికారు. కాబట్టి నీళ్ళ మీది లెక్క మనకు పరాయిది కాదు.

ఇక ఆ లెక్క. నది ఒడ్డు పెద్దలు చెప్పినదాన్ని మా మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది. కొత్తవాడు పోయేటప్పటి బరువు చూస్తాడు. తెలిసినవాడు తిరిగొచ్చేటప్పటి బరువు చూస్తాడు. పోయేటప్పుడు వల పొడిగా, తేలిగ్గా ఉంటుంది. తెల్లారి అదే వల నీళ్ళు పీల్చుకుని, నాచు పట్టి, మట్టి అంటుకుని వస్తుంది. దాని మీద చేపలు. పుట్టి అడుగున ఊరిన నీళ్ళు. పైగా రాత్రంతా మేలుకున్న చేతులతో తెడ్డు వెయ్యాలి. కాబట్టి పుట్టి అంచుకీ నీటికీ మధ్య పోయేటప్పుడు ఎంత ఎడం ఉందో అందులో సగమైనా తిరుగు ప్రయాణానికి మిగిలేటట్టు ఎక్కించాలి.

రెండోది, బరువు ఎక్కడ పెట్టాలన్నది. పుట్టికి ముందూ వెనకా లేదు. తెడ్డు వేసేవాడు ఒక అంచున గొంతుకూర్చుంటే వల అతనికి ఎదురు పక్కన, అడుక్కి ఆనించి ఉండాలి. వల లాగేటప్పుడు ఇద్దరూ ఒకే వైపు వంగితే పని అయిపోయినట్టే. గాలాలు విడిగా పడేస్తే అల్లికలో గుచ్చుకుంటాయి, పట్టాని చీలుస్తాయి, కాబట్టి బెండుకి గుచ్చి గుడ్డలో చుట్టి పెడతారు. నీళ్ళు తోడే డబ్బా, చిరిగితే కుట్టుకునే సూది దారం, సంగటి మూట ఉండాల్సిందే. వాటికి చోటు చూసుకున్నాకే రెండో వల మాట. (సంగటి మూట తగ్గించి వల పెంచుకున్నవాణ్ణి మాత్రం మేము ఎక్కడా చూడలేదు!)

నూలు, జనుము వలల కాలంలో ఈ లెక్క తప్పడం కష్టం. వల నేయడానికే నెలలు పట్టేది. కుళ్ళిపోకుండా చెట్టు బెరడు కషాయంలో ముంచి, ఎండబెట్టి, మళ్ళీ ముంచేవారు. తడిస్తే రాయంత బరువు. ఒకటీ రెండూ మించి ఎవరి దగ్గరా ఉండేవి కావు, ఉన్నా పుట్టి ఒప్పుకునేది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాల్లో నైలాన్ వచ్చింది. తేలిక, చవక, కుళ్ళదు, ఎండబెట్టే పని లేదు. నలుగురి వలలు ఒక్కడే ఎక్కించుకోవచ్చు. అదే సమయంలో నది కూడా మారింది. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టలో నీళ్ళు నిలిచాక మన వైపు ఎండాకాలం ప్రవాహం ఆనకట్ట తలుపుల మీద ఆధారపడింది. నీళ్ళు తగ్గాయి, వలలు పెరిగాయి. పైగా దోమతెరలాంటి సన్న కన్ను వలలు వచ్చి గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లని కూడా ఎత్తేస్తున్నాయి.

చట్టం లేక కాదు. 1897 నాటి భారత మత్స్య చట్టమే మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని నేరం చేసింది. వల కన్ను ఎంత ఉండాలో, ఏ కాలంలో వేట ఆపాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. కానీ అర్ధరాత్రి మడుగులో వల కన్ను కొలిచేదెవరు? పాత రోజుల్లో కొలిచేది వేళ్ళే. రెండు వేళ్ళ కన్ను, మూడు వేళ్ళ కన్ను, నాలుగు వేళ్ళ కన్ను. నాలుగు వేళ్ళదాంట్లోంచి జారిపోయింది వచ్చే ఏటి చేప.

2009 అక్టోబరు వరదలో మంత్రాలయం మునిగింది, నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. అవతలి గట్టుకి పోవాలంటే మళ్ళీ పుట్టే దిక్కయింది. మనుషుల్ని, మూటల్ని ఎక్కిస్తూ ఇక చాలు, దిగండి అని చెప్పాలంటే ఈ లెక్క తెలిసినవాళ్ళే చెప్పాలి. ఇప్పుడు సెలవు రోజున సెల్‌ఫోన్ పట్టుకుని ఆరుగురేడుగురు ఒకే చిన్న పుట్టిలోకి దూకే మన కుర్రాళ్ళకు ఆ మాట చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

దసరా సెలవులకి ఊళ్ళకు పోయే పిల్లలకు మేము ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో, పేటలో, తాండాలో బరువు మోసిన ముసలివాళ్ళు ఉంటే అడగండి. వలైనా, గంపైనా, ఎద్దు మీది గోనె అయినా సరే. ఎంత ఎక్కించేవారు, దేనితో కొలిచేవారు, ఏది వదిలేసి పోయేవారు. వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాసుకోండి. వల ఉన్న ఇల్లయితే పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి తూకం వేసి ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి తీసుకురండి.