కరెంటు పోని ఊరు

రాయచోటి నుంచి మా అమ్మ ఫోన్లో ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది. "మీకాడ కరెంటే పోదంట గదా, నాయనా?" అహ్మదీకి వచ్చిన కొత్తల్లో "పోదమ్మా" అని గర్వంగా చెప్పేవాణ్ణి, ఆ కరెంటేదో నేనే పుట్టిస్తున్నట్టు. నిజానికి నాది సబ్‌స్టేషన్లలో మెయింటెనెన్స్ పని. 2024 జూన్‌లో మాత్రం ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఆ నెల 19న కువైట్ విద్యుత్ మంత్రిత్వ శాఖ ఒక ప్రకటన చేసింది. ఎండ వేళ కొన్ని ప్రాంతాల్లో వంతులవారీగా, రెండు గంటల దాకా కరెంటు తీస్తారట. మన పల్లెల్లో ఈ మాట చెప్తే నవ్వుతారు. రెండు గంటలు కూడా ఒక కోతేనా! కానీ ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 2016 జూలైలో దాదాపు 54 డిగ్రీలు నమోదైంది. ఏసీ ఆగిన గది, అందులో ఆరుగురు మనుషులు. ఆ రెండు గంటలు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

అహ్మదీ చమురు కోసం పుట్టిన ఊరు. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో మొదటి ఓడ కదిలింది. ఆ తర్వాత కువైట్ ఆయిల్ కంపెనీ ఈ మిట్ట మీద వీధులు, చెట్లు, బంగళాలు వేసి, షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరు పెట్టింది. ఇప్పటికీ ఎడారిలో ఇంత పచ్చదనమేమిటా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆ పచ్చదనానికి నీళ్ళెక్కడివని మాత్రం ఎవరూ అడగరు. కువైట్‌లో నది లేదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకునేవారు. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. తర్వాతి పెద్ద కేంద్రాల్లో టర్బైను తిప్పిన ఆవిరే సముద్రపు నీటిని కాచి మంచినీరు చేస్తుంది. అంటే ఇక్కడ కరెంటు కేంద్రం పడుకుంటే కొళాయి కూడా ఎండిపోతుంది.

1991 ఫిబ్రవరి చివర్లో జరిగింది అదే. యుద్ధం ముగిసేసరికి కువైట్ నగరంలో కరెంటూ లేదు, నీళ్ళూ లేవు. ఆరువందలకు పైగా బావులు తగలబడుతున్నాయి. అహ్మదీ బుర్గాన్‌కు ఆనుకునే ఉంది గదా, పొగవల్ల పగలు చీకటి, మంటలవల్ల రాత్రి వెలుతురు. చివరి బావి ఆరింది నవంబరు 6న. అంతకు ముందే, 1990లో, మనవాళ్ళు లక్షకు పైగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేరారు. వాళ్ళలో కడప జిల్లావాళ్ళూ గోదావరి జిల్లాలవాళ్ళూ ఎందరో.

యుద్ధంలో బాంబులు పడి చీకటైతే అర్థముంది. ఏ బాంబూ లేకుండా గ్రిడ్ కూలడం ఎలాగంటే, పదిమంది పల్లకీ మోస్తున్నారనుకోండి. ఒకడి కాలు తడబడితే తక్కిన తొమ్మిదిమంది మీదా బరువు పెరుగుతుంది. వాళ్ళలో నీరసంగా ఉన్నవాడు రెండో వంతు. ఇక వరస ఆగదు. 2012 జూలై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ లైను మోయలేక తెగిపోతే ఉత్తరాది అంతా ఆరిపోయింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పోయాయి. అరవై కోట్లమంది మీద పడిన చీకటది.

మన తెలుగు నేల మాత్రం ఆ రోజు మిగిలింది. దక్షిణాది గ్రిడ్‌కూ ఉత్తరాదికీ మధ్య నేరుగా కలిసిన తీగ లేదు. గాజువాకలోనూ, రామగుండం లైను చేరే భద్రావతిలోనూ ఏసీ కరెంటును డీసీగా మార్చి, మళ్ళీ ఏసీ చేసి అవతలికి పంపే కేంద్రాలున్నాయి. తాల్చేరు నుంచి కోలారుకు వచ్చేది కూడా డీసీ లైనే. ఇవి గేటులాంటివి. ఎంత వదలాలో అంతే వదుల్తాయి, అవతలివాడి తడబాటు ఇవతలికి రానివ్వవు.

సరిగ్గా అలాంటి గేటే నాకు ఇక్కడ మళ్ళీ ఎదురైంది. మా అహ్మదీ గవర్నరేటులోని అల్ జోర్ నుంచి 400 కేవీ లైను దక్షిణానికి పోతుంది. 2009లో మొదలైన గల్ఫ్ గ్రిడ్ అది. కువైట్, బహ్రెయిన్, ఖతర్‌లది 50 హెర్ట్జ్, సౌదీది 60. కలిసి నడవలేని ఇద్దర్ని కలిపేందుకు సౌదీలోని అల్ ఫాదిలీలో 1,800 మెగావాట్ల డీసీ కేంద్రం కట్టారు. దాని గురించి మొదటిసారి చదివినప్పుడు, ఇది మన గాజువాకే గదా అనిపించింది!

అయితే గేటు వేసుకుని కూర్చుంటే క్షేమమేనా? అదే 2012లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టారు. బయట కరెంటున్నా కావలసినంత తెచ్చుకునే దారి లేదు. అందుకే 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాదిని కలిపేశారు. భయం లేకపోలేదు గానీ, కలపడమే మంచిదైందని నా అభిప్రాయం. తోడుంటే జబ్బు అంటుకోవచ్చు, కానీ ఒంటరిగా ఉంటే ఆకలి.

కువైట్‌కు 2024లో తోడు కూడా చాల్లేదు. ఆ వేసవికి ఒమన్, ఖతర్‌ల నుంచి 500 మెగావాట్లు కొనుక్కుంది. అయినా కోత తప్పలేదు. మనింట్లో పెళ్ళి రోజే పక్కింట్లోనూ పెళ్ళైతే వాళ్ళు మనకెన్ని గిన్నెలివ్వగలరు? అందరి నెత్తినా అదే ఎండ.

మా వీధి వంతు వచ్చిన మధ్యాహ్నం, గదిలో ఉండే రాజంపేట కుర్రాడొకడు చెమట తుడుచుకుంటూ నా మీద విరుచుకుపడ్డాడు. "అన్నా, మీవాళ్ళేనా తీసింది?" నేను పాఠం మొదలుపెట్టాను. వాడకం ఉత్పత్తిని మించితే ఫ్రీక్వెన్సీ పడిపోతుందనీ, కొన్ని ఫీడర్లు తియ్యకపోతే దేశమంతా ఆరిపోతుందనీ, నీళ్ళూ ఆగుతాయనీ. అంతా విని వాడన్నాడు, "సరే, ఆ కొన్ని ఫీడర్లు ఎవరివి పెడతారో అది చెప్పు."

దానికి నా దగ్గర పాఠం లేదు. ఊళ్ళో ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ పేరుతో కోత పెట్టిన రోజుల్లో పల్లెకు ఎక్కువ, పట్నానికి తక్కువ. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ మళ్ళీ కోతలు పెట్టినప్పుడు ఆ జాబితాలో తోటల ప్రాంతాలూ కార్ఖానాల ప్రాంతాలూ ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళలో మనవాళ్ళెందరో! ఇంజనీరింగ్ లెక్క ప్రకారం ఆ కోతను తప్పు పట్టలేను. ఆ కుర్రాడి ప్రశ్ననూ తప్పు పట్టలేను.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. "మాకిప్పుడు పెద్దగా పోవడంల్యా నాయనా. మీకాడెట్లుంది?"

"ఎండలు తగ్గినాక ఏం ఇబ్బంది ఉండదులేమ్మా" అన్నాను.