గ్యాలను కొలత



మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో పూర్వము ధాన్యమునకు పడియు, పాలకు సోలయు, బరువునకు వీసెయు మణుగును వాడుకలో నుండెను. కిరసనాయిలు డబ్బాతో గ్యాలను అను ఇంగ్లీషు కొలతయు మన బజారులకు వచ్చెను. డబ్బాకు నాలుగు గ్యాలనులని యందఱు చెప్పుకొనెడివారు. గ్యాలను అనగా నెంతయో యెఱిగినవారు కొందఱే.

ఇంగ్లండులోనే ఆ మాటకు ఒక్క యర్థము లేకుండెను. ద్రాక్షసారాయి కొక గ్యాలను, బీరు కొకటి, ధాన్యమునకు వేఱొకటి. 1707లో ఆన్ రాణి కాలమున సారాయి గ్యాలను 231 ఘనపుటంగుళములని నిర్ణయించిరి. బీరు గ్యాలను 282. పేరొకటి, పాత్రలు వేఱు. ఇక తగవులకు కొదువ యేమి? తుదకు 1824లో పార్లమెంటు చట్టము చేసి, 62 డిగ్రీల ఉష్ణమున శుద్ధజలము 10 పౌనులు పట్టునంత పాత్రయే గ్యాలను అని శాసించెను. అది సుమారు 277 ఘనపుటంగుళములు. అమెరికావారు మాత్రము పాత సారాయి గ్యాలనునే నిలుపుకొనిరి. నేటికిని వారి గ్యాలను చిన్నది.

నీటి బరువుతో ముడివేయుటవలన గొప్ప మేలు కలిగెను. త్రాసు గలవాడెవ్వడైనను కొలపాత్రను పరీక్షింపవచ్చును. మా తాతగారు చెప్పగా వింటిని: పెండ్లి దీపములకై ఆళ్లగడ్డలో కిరసనాయిలు కొనబోగా, అడుగు లోనికి నొక్కుకొనిపోయిన డబ్బాతో కొలిచి, నాలుగు గ్యాలనులని లెక్క చెప్పిరట. తాతగారు కలహింపలేదు. ఆ డబ్బాను బావినీటితో నింపించి తూచిరి. నాలుగు గ్యాలనులకు 40 పౌనులు, అనగా మన తూకమున సుమారు 13 వీసెలు రావలెను. డబ్బా బరువు తీసివేయగా 12 వీసెలే తేలెను. వర్తకుడు మాఱుపలుకక తక్కువైన చమురు పోసెనట.

పొలముకడను ఈ లెక్కయే పనికివచ్చును. 1863లో ఆరంభమైన కర్నూలు–కడప కాలువ మన సీమగుండ పాఱుచున్నది గదా. ఎకరమున అంగుళము లోతు నీరు నిలుపుటకు సుమారు 22,600 గ్యాలనులు, అనగా నూఱు టన్నుల నీరు కావలెను. సెకనుకొక ఘనపుటడుగు చొప్పున గంటసేపు పాఱినగాని అంత నీరు చేరదు. అట్టి పాఱుదలలో అరగంట వంతు తప్పిన రైతునకు ఏబది టన్నుల నీరు పోయినట్లే.

1956లో మన దేశమున మెట్రిక్ పద్ధతికై చట్టము చేయగా, క్రమముగా గ్యాలను స్థానమున లీటరు నిలిచెను. ఆ గ్యాలను నాలుగున్నర లీటరులకు కొంచె మెక్కువ. లీటరు నీరు సుమారు ఒక కిలోగ్రాము తూగును. కావున పాలవానికడ గాని, నూనెయంగడిలో గాని కొలపాత్రపై సందేహము కలిగినచో, తొందరపడి మాట జాఱక, నీరు నింపి తూచి చూడుడు.