1830లో ఒక ఫారిన్ ట్రిప్... తొవ్వ మాత్రం మన పాలమూరు మీదుగా

ఈ ఎపిసోడ్ ఎట్లా పుట్టిందో ముందు చెప్తా. మా టీంలో ఎడిటింగ్ చేసే తమ్ముడు ఒకడున్నాడు, వాళ్లది దేవరకద్ర దగ్గర ఊరు. ఆర్నెల్ల నుంచి వాడికి ఒకటే పిచ్చి. ఐస్‌లాండ్ పోవాలి, కారు అద్దెకు తీసుకోవాలి, రింగ్ రోడ్డు మీద దేశం మొత్తం చుట్టి రావాలి. సుమారు 1,300 కిలోమీటర్ల రోడ్డు అది. ఒక పక్క సముద్రం, ఒక పక్క మంచు కొండలు. ఫోన్‌లో ఒక షీట్ చేసిండు. రూటు ఒక కాలమ్, పేపర్లు ఒక కాలమ్, డబ్బులు, రాత్రి ఎక్కడ ఆగాలి, ఎవరెవరు వస్తరు... అన్నీ రాసుకున్నడు.

"అన్నా, చూడు ఎట్లుందో" అని నాకు చూపించిండు. చూస్తుంటే నాకు ఒక పాత పుస్తకం యాదికొచ్చింది. ఇవే కాలమ్స్ దాదాపు రెండు వందల ఏండ్ల కింద ఒకాయన నింపిండు. ఆయన ఫారిన్ ట్రిప్‌లో మన వనపర్తి, జడ్చర్ల ఉన్నయి. అవును, ఆయనకు మన పాలమూరే ఫారిన్!

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్, అంటే దుబాసీ. తెలుగు, తమిళం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. మంచి ఉద్యోగం, మంచి పలుకుబడి. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిండు. మళ్లీ ఇంటికొచ్చింది 1831 సెప్టెంబర్ 3న. పదిహేను నెలల పదిహేను రోజుల రోడ్ ట్రిప్! వెంట దాదాపు వంద మంది పరివారం. కుటుంబం, వంటవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు, పల్లకీ మోసే బోయీలు. ఆయన పోయింది యాత్రకు, పుణ్యానికి. మనలాగా సెలవులకు కాదు. కానీ ప్లానింగ్ చూస్తే మాత్రం మనకేమీ తక్కువ తినలేదు.

ముందు రూటు చూద్దాం. పోయేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ. వచ్చేటప్పుడు పోయిన తొవ్వన రాలేదు. గయ, కలకత్తా, పూరీ చూసుకుంటూ సముద్రం ఒడ్డు పట్టుకొని శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా మద్రాసు చేరిండు. అంటే పెద్ద లూప్. పోయిన దారిన తిరిగి రాకూడదని మనం ఇప్పుడు అనుకుంటం కదా, అదే లెక్క.

ఇక ఫారిన్ అని ఎందుకన్నానో చెప్తా. అప్పుడు ఇండియా అని ఒక దేశం, ఒక ప్రభుత్వం లేదు. మద్రాసు, కడప కంపెనీ వాళ్లవి. కర్నూలు, శ్రీశైలం వైపు కర్నూలు నవాబుది. శ్రీశైలం గుడికి పోయే యాత్రికుల దగ్గర ఆ నవాబు పన్ను వసూలు చేసేవాడు. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. అప్పుడు గద్దె మీద నాసిరుద్దౌలా ఉన్నడు, పెత్తనం అంతా చందూలాల్‌ది. ఇంకా పైకి పోతే నాగపూర్ భోంస్లేలు, ఆ తర్వాత మళ్లీ కంపెనీ. ఒక్క ట్రిప్‌లో ఎన్ని బార్డర్లో లెక్కపెట్టుకోండి.

బార్డర్ అంటే పేపర్లు. ఇప్పుడు మనకు పాస్‌పోర్టు, వీసా, కారు నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఆ పర్మిట్ మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తరు, గడువు ఎక్కువలో ఎక్కువ ఏడాది. ఆ కాలంలో రహదారీ చీటీలు ఉండేవి. ఫలానా మనిషి, ఇంత సామానుతో వస్తున్నడు, ఆపొద్దు అని పెద్దవాళ్లు రాసిచ్చే కాయితం. అది లేకుంటే సుంకం చౌకీ దగ్గర మూటలన్నీ విప్పాల్సిందే. మన దేశంలో పాస్‌పోర్టుకు చట్టం వచ్చింది 1920లో. అంతకు ముందు మనిషి మాట, పెద్దల సంతకం, పలుకుబడి... ఇవే నడిచినయి.

డబ్బులదీ అదే కథ. కంపెనీ తన ఇలాకా అంతటికీ ఒకే రూపాయి తెచ్చింది 1835లో. వీరాస్వామయ్య బయలుదేరింది దానికి అయిదేండ్ల ముందు. రాజ్యం మారితే రూపాయి మారుతది. సాహుకారు దగ్గర మార్చుకోవాలి, వాడికి వట్టం ఇచ్చుకోవాలి. మన ఫారెక్స్ కార్డు మీద పడే చార్జీలను తిట్టుకుంటం కదా, ఆ తిట్లకు కూడా చరిత్ర ఉంది!

సరే, ఇప్పుడు మన జిల్లాలకు వద్దాం. శ్రీశైలం చూసుకొని వచ్చి కృష్ణ దాటిండు. ఇవతల ఒడ్డున పెంట్లవెల్లి. అక్కడి నుంచి పానగల్లు, వనపర్తి, జడ్చర్ల, బాలానగర్, ఇప్పటి షాద్‌నగర్‌ను ఆనుకొని ఉండే ఫరూఖ్‌నగర్, శంషాబాద్, ఆ తర్వాత హైదరాబాద్. ఒక్కసారి మ్యాప్ తెరిచి చూడండి. జడ్చర్ల నుంచి పైకంతా మనం ఇవాళ నేషనల్ హైవే 44 మీద పోయే వరసే. ఇంకో తమాషా ఉంది. 2008 నుంచి మన ఫారిన్ ట్రిప్ మొదలయ్యేది శంషాబాద్‌లోనే. ఐస్‌లాండ్ పోవాలన్నా ముందు ఆ ఊరికే పోవాలి. ఆయనకు కూడా హైదరాబాద్ ముందు మజిలీ అదే.

ప్రతి మజిలీలో ఆయన ఏం రాసిండో తెలుసా? ఊరు ఎంతుంది, నీళ్లు ఎట్లున్నయి, అంగళ్లు ఉన్నయా, సరుకులు దొరుకుతయా, దిగడానికి చోటుందా, తొవ్వ రాళ్లదా, ఇసుకదా. ఇవాళ మనం రివ్యూ రాస్తం కదా, అట్లా. రాసింది రాసినట్టు మద్రాసులో ఉన్న దోస్తు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపేవాడు. తన తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తదని ఆయన ఆలోచన.

అక్కడితో ఆగితే అది గైడ్ మాత్రమే అయ్యేది. కానీ ఆయన మనుషుల్ని కూడా చూసిండు. కృష్ణ దాటిన కాడి నుంచి హైదరాబాద్ దాకా జమీందార్లు చిన్న చిన్న తగాదాలకే ఒకరి ఊళ్ల మీద ఒకరు పడి కొల్లగొడుతరని, నలిగిపోయేది రైతులేనని రాసిండు. మన దగ్గర సంస్థానాల చరిత్ర అంటే కోటలు, కవులకు సన్మానాలు, దర్బార్లు చెప్తరు. అవీ నిజమే. కానీ అదే నేల మీద రైతు పడ్డ బాధ గురించి, ఏ సంస్థానం ఉప్పూ తినని ఒక బయటి మనిషి 1830లోనే రాసిపెట్టిండు. ఆ రైతు తన కష్టం తాను రాసుకోలేడు. అట్లా అని వీరాస్వామయ్య కూడా అన్నీ చూసిండని కాదు. పల్లకీలో నుంచి చూస్తే ఎంత కనపడుతదో అంతే చూసిండు. ఆ పల్లకీ మోసిన బోయీలకు ఈ తొవ్వ ఎట్లా అనిపించిందో మనకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు రాసిన పుస్తకం లేదు.

నల్లగొండ వాళ్లు అలగొద్దు, మీ తొవ్వ ఇంకా పాతది. 1600లలో తవెర్నియే అని ఒక ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి వచ్చిండు. గోల్కొండ నుంచి కొల్లూరు వజ్రాల గనికి పోయే దారిలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో వరసగా రాసిండు. 1676లో పారిస్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన ఊళ్ల పేర్లు ఫ్రెంచ్ నోట్లో నలిగి కనపడుతయి. అందులో హయత్‌నగర్ ఉంది, పంతంగి ఉంది, నల్లగొండ పక్కన పానగల్లు ఉంది. సంక్రాంతికి ఊరికి పోతూ పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఆగుతం కదా, అదే పంతంగి! గనిలో ఆడా మగా పిల్లలు కలిపి అరవై వేల మంది పని చేస్తున్నరని తవెర్నియే రాసిండు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఈ నీళ్ల గురించే.

మీలో చాలామంది సోమశిల పోయి ఉంటరు. కొల్లాపూర్ దాటి పోతే కృష్ణ వెడల్పుగా, నీలంగా, నడుమ దీవులు. రీల్స్‌లో బాగా తిరుగుతది. చాలా అందమైన చోటు, కాదనను. కానీ అక్కడ మీరు చూసేది నది ఒక్కటే కాదు, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లు. ఆ నీళ్ల కోసం 1981 ప్రాంతంలో ఇటు పాలమూరువి, అటు కర్నూలువి వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించిండ్రు. ఇండ్లు, పొలాలు, బావులు, గుళ్లు మునిగినయి. వీరాస్వామయ్య కృష్ణ దాటిన కాలం నాటి రేవులూ తొవ్వలూ చాలావరకు అడుగునే ఉన్నయి. డ్యాంలు కట్టిన చేతుల్లో మన పాలమూరు చేతులు ఎన్నో. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తే ముల్లె సర్దుకొని, పిల్లల్ని ఎత్తుకొని ఎక్కడెక్కడికో పోయిండ్రు. అవీ దూర ప్రయాణాలే. వాటికి ఫోటోలు లేవు, డైరీలు లేవు.

ఇది మన దగ్గరే అనుకోకండి. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్ అని ఉంది, రోడ్ ట్రిప్ లిస్టుల్లో ఎప్పుడూ పైన ఉంటది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కొండ తొలిచి వేసిండ్రు, చనిపోయిన తోటి సైనికుల గుర్తుగా. అందమైన రోడ్డు కనపడితే దాన్ని ఎవరు వేసిండ్రో ఒకసారి అడిగి చూడండి.

సోమశిల దగ్గర కృష్ణ దాటడం ఇప్పటికీ తేలిక పని కాదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయిండ్రు. సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి వంతెన కావాలని రెండు వైపుల జనం ఏండ్ల నుంచి అడుగుతున్నరు. 2022లో కేంద్రం దానికి సరే అంది. మనకు సెల్ఫీ పాయింట్ అయిన చోటు, అక్కడి వాళ్లకు రోజూ దాటాల్సిన నది.

వీరాస్వామయ్య 1836లో చనిపోయిండు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని నోట్స్‌తో సహా మళ్లీ తెచ్చిండ్రు. ఆయన రాయకపోతే, ఆ దోస్తు కాయితాలు దాచకపోతే, 1830లో పెంట్లవెల్లి నుంచి శంషాబాద్ దాకా ఒక ప్రయాణం ఎట్లా ఉండేదో మనకు ఇంత వివరంగా దొరికేది కాదు.

అందుకే మా తమ్ముడికి ఒకటే చెప్పిన. "షీట్ బాగుంది, ఐస్‌లాండ్ పో. కానీ ఇంకో కాలమ్ పెట్టుకో. ఆగిన ప్రతి ఊరిలో ఒక మనిషితో మాట్లాడి రెండు లైన్లు రాయి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తయి, పని ఏం దొరుకుతది, పిల్లలు ఊళ్లో ఉంటున్నరా, పోతున్నరా."

వాడు కొద్దిసేపు ఆలోచించి, "అన్నా, మా నాయిన కూడా డ్యాం పనులకు పోయిండు. ఏయే ఊళ్లు తిరిగిండో నేను ఎప్పుడూ అడగలే" అన్నడు.

ఐస్‌లాండ్ టికెట్లు ఇంకా బుక్ కాలే. కానీ ఆ ఆదివారం వాడు ఊరికి పోయి వాళ్ల నాయిన పక్కన కూర్చొని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసిండు. గంటన్నర మాట్లాడిండట పెద్దాయన.

మీ ఇంట్లో కూడా దూరం పోయొచ్చినవాళ్లు ఉంటరు. దుబాయి కావచ్చు, బొంబాయి కావచ్చు, డ్యాం పని కావచ్చు. వాళ్లు పోయిన తొవ్వ అడిగి రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.