తంబుర యైన తప్పెట

మన దేశమున సంగీత విద్వాంసుని గూర్చి మాట వచ్చినప్పుడు మొదట అడుగు ప్రశ్న ఆయన గురువెవరని. త్యాగరాజు శిష్యపరంపరను వ్రేళ్ల మీద లెక్కించి చెప్పగలవారు తెలుగునాట నేటికిని కలరు. మృదంగము వాయించువానికిని తన బాణి ఏ యింటిదో చెప్పుకొను గౌరవము దక్కినది. ఊరి వెలుపలి గూడెమున తప్పెట వాయించినవానిని మాత్రము ఈ ప్రశ్న అడిగినవారు లేరు. అతని విద్య విద్యగా గాక కులవృత్తిగా, సరిగా చెప్పవలెనన్న వెట్టిగా, లెక్కింపబడినది. ఆదివారమున పలనాటి క్రైస్తవ మందిరములలో కీర్తనకు డోలకు వాయించు చేయి ఎచ్చటనుండి వచ్చినది? గురువుల పట్టికలు లేని విద్య యిది. దాని త్రోవను ఆ సీమ చరిత్రమునుండియే ఏరుకొనవలెను.

పలనాడు పాటకును వాద్యమునకును క్రొత్త సీమ కాదు. 12వ శతాబ్దమున కారెంపూడివద్ద నాగులేటి యొడ్డున జరిగిన దాయాదుల యుద్ధము ఊరూర గానమై వ్యాపించినది. ఓరుగంటి నగరమున ఒక స్త్రీ ఆ వీరుల కథను ద్విపదలో, వడిగల తాళమున, వాద్యము మ్రోయించుచు పాడుట క్రీడాభిరామమున వర్ణింపబడియున్నది. ఆ గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. శ్రీనాథునిదే యను పండితులును కలరు. ఆ వాదముతో మనకిక్కడ పనిలేదు. వీధిలో పాడిన యొక స్త్రీ చేతి దరువు కావ్యమున కెక్కినదనుటయే మనకు కావలసినది. ఆమె పేరు మాత్రము కావ్యమున కెక్కలేదు.

ఆ కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులములన్నిటిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టెను. మాల కన్నమదాసును కొడుకుగా చేకొని సేనానాయకుని జేసెను. కథను తరతరములుగా మోసికొని వచ్చిన గాయకులును మాలలే. వారికి వీరవిద్యావంతులని పేరు. కార్తికమాసపు అమావాస్యకు కారెంపూడిలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఐదు దినములు వీరారాధన జరుగును. అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చువేయించిన ద్విపదకు శ్రీనాథుని పేరు తోడుగా నున్నది. గాయకుని పేరు పుస్తకమున కెక్కుటకు చాలకాలము పట్టినది. అమెరికా దేశీయుడగు జీన్ రోఘైర్ 1974లో అలిసెట్టి గాలెయ్య యను వీరవిద్యావంతుని నోట ఈ కథను ధ్వనిముద్రణము చేసికొని, 1982లో ఆంగ్లగ్రంథముగా వెలువరించెను.

మాదిగవాడ వాద్యము తప్పెట. దప్పనియు పలకయనియు దానిని పిలుతురు. కొయ్యబద్దలను గుండ్రని చట్రముగా కూర్చి ఒక ప్రక్క తోలు బిగింతురు. కుడిచేత లావుపాటి చిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. వాయించుటకు ముందు మంట సెగకు పట్టి తోలును కాచుదురు. సెగ తగ్గినకొలది నాదము క్రుంగును గనుక నడుమనడుమ మరల మంట వేయవలసినదే. పెండ్లికొక దరువు, శవము వెంట వేరొక దరువు, జాతరకొకటి, దండోరాకొకటి. తెలిసినవాడు అరుగుమీద కూర్చుండియే ఊరిలో జరుగునదేమో చెప్పగలడు. కొడుకు తండ్రి ప్రక్కన నడచుచు, నోట దరువు పలుకుచు, చేతితో దానిని పట్టుకొనుట ఈ విద్యకు గురుకులము. ఇంత విద్యకును లభించిన ప్రతిఫలము కళ్ళమువద్ద కొన్ని గింజలు, చచ్చిన పశువు. ఆ పశువు తోలే చెప్పు, మోటబొక్కెన, తప్పెట యగును. దాని మాంసమే యాహారము. వాయింపనని చెప్పు హక్కు వాయించువానికి లేదు.

ఈ స్థితిలో క్రైస్తవ మిషనులు వచ్చినవి. లూథరన్ మిషనరీ హయ్యరు 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరి, 1849లో గురజాలకు పోయి పలనాటిలో పని ప్రారంభించెను. దక్షిణమున ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేసెను. 1876–78 కరవులో ఆయన బకింగుహాము కాలువపని కొంత గుత్తకు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినమున, వెల్లంపల్లివద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. తరువాత నరసరావుపేట, వినుకొండలలోను ఆ మిషను స్థానములు వెలసినవి.

క్లౌ తన సంఘస్థులకు పెట్టిన నియమములు కొలదివి: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువును తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవదానినుండి వేరొకటి దానంతటదియే పుట్టినది. అమ్మవారి జాతరలో తప్పెట వాయింపమని మాదిగలు చెప్పివేసిరి. ఊరిపెద్దలకు ఇది తిరుగుబాటుగా తోచినది. చాకలి బట్టలుదుకరాదనిరి, కుమ్మరి కుండలమ్మరాదనిరి. బీడునుండి పశువులను తరిమిరి. కోతలకు పిలువక గింజలు మాన్పిరి. ఆ నిరాకరణమును సంగీతద్వేషమని చెప్పువారు నాకు తటస్థపడుచుందురు. వాయింపక తప్పనివాడు వాయింపనని చెప్పుట ఆతని జీవితమున మొదటి స్వతంత్రకార్యము. సంగీతమునకు కలిగిన నష్టము నిజమేయైనను, ఆ నష్టమును ఆకలితో చెల్లించినవానిని మనము నిందింపరాదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. గ్రామదేవత యెదుట మాన్పిన వాద్యమును మందిరములో ఏల మ్రోయింపలేదు? వేదగ్రంథము వాద్యములను నిషేధించునది కాదు. 150వ కీర్తన యొకదాని తరువాత నొకటిగా వాద్యముల పేర్లు చెప్పి స్తుతింపుమనుచున్నది. అచ్చట మూలమున నున్న హీబ్రూ పదము ‘తోఫ్’. అది గుండ్రని చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించు వాద్యము, అనగా మన తప్పెటకు దగ్గరి చుట్టము. సముద్రము దాటిన పిమ్మట మిర్యామును స్త్రీలును పట్టుకొని నాట్యమాడినది దానినే. తెలుగు బైబిలులో ఆ తావులందు ‘తంబుర’ యని యున్నది. ఆంగ్లపదపు ధ్వనిసామ్యము కారణమై యుండవచ్చును. పండితులకు తప్పెట పేరు పవిత్రగ్రంథమునకు తగదని తోచియు నుండవచ్చును. తోలువాద్యము తంత్రీవాద్యమైపోయినది. మాదిగవాడలో ఆ వచనమును వినినవాడు తన యింటి వాద్యమే యందు పేర్కొనబడినదని ఎట్లెరుగును? ఈ యొక్క మాట మరియొక విధముగా ననువదింపబడి యున్నచో మన మందిరముల ధ్వని వేరై యుండెడిదని నా నమ్మకము.

మందిరములోనికి వచ్చినది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి రచనలు చేరిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ప్రతి కీర్తనకును రాగము, తాళము సూచింపబడినవి. కవులు ఉత్తరాంధ్రమువారైనను గురజాలవారైనను ఆ పాటలు పాడు పద్ధతి భజనగోష్ఠిదే: తాళములు, కంజిర, డోలకు, పిమ్మట హార్మోనియము. ఆదితాళమని అచ్చులో నున్నను గూడెపు మందిరమున అది నడచిన నడక పుస్తకమునుండి నేర్చినది కాదు. ఆ సంఘములలో అధికసంఖ్యాకులు తోలువాద్యము తరతరముల యభ్యాసముగా గల కులములవారు. తప్పెట గోడకెక్కినను దరువు చేతినుండి దిగలేదు. చేయి డోలకును పట్టుకొన్నది. వాద్యము లేని యింటి ప్రార్థనలలో స్త్రీల చప్పట్లే ఆ పని చేసినవి.

ఇట్టిదే అమెరికాలోను జరిగినది. 1739లో దక్షిణ కరోలినాలో నీగ్రో బానిసలు డోళ్లు మ్రోయించుచు తిరుగబడగా, మరుసటి యేడు చట్టము చేసి వారి డోళ్లను నిషేధించిరి. దరువు చప్పట్లలోను పాదఘట్టనములోను దాగి, ప్రార్థనకూటములలో వలయముగా తిరుగుచు పాడు పాటలో బ్రదికినది. ఛార్లెస్ మేసన్ స్థాపించిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ వంటి సంఘములు 20వ శతాబ్దారంభమున డోలును ఆరాధనలోనికి బహిరంగముగా రానిచ్చినవి. నేటి గాస్పెల్ డ్రమ్ము వాద్యకారుల బాణి యా సంఘములలో పెరిగినదే. భేద మొకటి యున్నది. అచ్చట యజమాని భయపడి డోలు లాగుకొనెను. ఇచ్చట సేవకుడు తానే దింపెను. అందుచేతనే దానిని మరల చేపట్టుట ఇచ్చట కష్టతరమైనది: తనను బంధించిన గొలుసును ఆభరణముగా ధరింపుమనిన నెవడు ధరించును?

తిరిగి చేపట్టిన త్రోవ మందిరముగుండ పోలేదు. గుంటూరు ప్రాంతమువాడగు షేక్ నాజరు (1920–1997) పల్నాటి యుద్ధమును బుఱ్ఱకథగా చెప్పి జనుల నూపివేసెను. బుఱ్ఱకథలో కథకుని భుజముపై తంబుర, వంతల చేతులలో డక్కీలు. అనువాదకులు విడదీసిన రెండును అచ్చట చెంతచెంతనే యుండుట చమత్కారము. క్రైస్తవులును బైబిలు కథలను బుఱ్ఱకథలుగా చెప్పుకొనిరి. పిమ్మట 1994 జూలై 7వ తేదీన ప్రకాశము జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా యుద్యమము పుట్టినది. తాతలు సిగ్గుతో దింపిన వాద్యమును మనుమలు భుజమున దగిలించుకొని నడిబజారున నడచిరి. అది ఒంగోలు సీమయే.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పలనాడు జిల్లా యేర్పడినది. సంఘముల రిజిష్టర్లలో బాప్తిస్మముల తేదీలు, ఉపదేశకుల పేర్లు వ్రాసికొను అలవాటు మనకు మంచిదే యున్నది. ఆ పుస్తకముల చివరి పుటలో, ఆ మందిరమున డోలకు వాయించినవారెవరు, ఎవరి ప్రక్క కూర్చుండి నేర్చిరి అని నాలుగు పంక్తులు వ్రాయించుటకు వృద్ధులు జీవించియుండగానే పూనుకొనవలెను. యువకులు డోలకును విడిచి విద్యుత్తుతో మ్రోయు ప్యాడును పుల్లలతో వాయించుచున్నారు. ఆ పెట్టెలో వాద్యధ్వనులను ముందుగా నింపి యుంచుకొందురు. వానిలో దప్పు చప్పుడును నొకటి; దానికి మంట సెగ యక్కరలేదు.