జిన్సెంగు – పెన్నేరుగడ్డ

మేడ్చలు, శామీరుపేట వైపు మందుల అంగళ్లలో “భారతదేశపు జిన్సెంగు” అను పేరు వినబడుచున్నది. ఆ పేరు తగిలించుకొన్న వేరు మన పెన్నేరుగడ్డయే, సంస్కృతమున అశ్వగంధ. ఈ రెంటికిని నిజముగా చుట్టరికము కలదా యని విచారింతము.

జిన్సెంగు చలిదేశపు మొక్క. మంచూరియా, కొరియా అడవులలో చెట్లనీడను పెరుగును. వేరు ముదురుటకు ఇంచుమించు ఆరేండ్లు పట్టును. మనుష్యాకారమును పోలుటచే చీనీయులు దానికి మనిషివేరని పేరిడిరి. 1711లో జార్తూ అను పాదిరి పెకింగునుండి దానిని వర్ణించి లేఖ వ్రాయుచు, కెనడాలోను అది దొరకవచ్చునని యూహించెను. ఆ లేఖను చదివిన లఫితో అను పాదిరి 1716లో మాంట్రియలు చెంత మోహాకు జనుల సాయమున దాని తోబుట్టువును కనుగొనెను. 1784లో చీనాకు చేరిన తొలి అమెరికా నౌక సుమారు 30 టన్నుల జిన్సెంగును మోసికొనిపోయెను. వేరొక్కటి రెండు ఖండములకు వర్తకబంధము కూర్చినది!

పెన్నేరు కథ వేరు. ఇది వంకాయ కుటుంబమునకు చెందినది. దీనికి నీడ గాదు, ఎండ కావలెను. నీరు నిలువని ఎర్రచెలక చాలును. వానకాలమున విత్తిన అయిదారు నెలలకే వేరు త్రవ్వవచ్చును. గుఱ్ఱపు వాసన గలదగుటచే అశ్వగంధమైనది. చరకసంహిత దీనిని బలకరములగు ఓషధులలో చేర్చినది. జిన్సెంగున నుండునవి జిన్సెనోసైడులు, దీనియందుండునవి వితనోలైడులు. కుటుంబము వేరు, నేల వేరు, సారము వేరు. బలమిచ్చునను ప్రఖ్యాతి యొక్కటే ఉభయసామాన్యము.

ఇది పేరుల తగవు మాత్రమే యని తలపరాదు. ఒకదానిపై జరిగిన పరీక్ష రెండవదానికి సాక్ష్యము కానేరదు. పెన్నేరు వాడిన కొందరికి కాలేయము చెడినట్లు వైద్యపత్రికలలో ప్రకటింపబడినది. వేరునకు బదులు ఆకును వాడవలదని 2021లో ఆయుష్ మంత్రిత్వశాఖ తయారీదారులకు సూచించెను. 2023లో డెన్మార్కు దీనిని నిషేధించెను. గర్భవతులును, థైరాయిడు మందు సేవించువారును వైద్యుని యడుగక దీనిని ముట్టరాదు.

శామీరుపేట దాపున తుర్కపల్లిలో టీకామందులను పరీక్షించు ప్రయోగశాలలున్నవి. ఈ జిల్లాలోనే బోడుప్పలున ఓషధిమొక్కల పరిశోధన కేంద్రము కలదు. అరువుపేరుతో అమ్ముకొనుటకంటె, మన వేరును మన పేరనే పిలిచి, దాని గుణమును దోషమును ఇచ్చటనే తూచి తెలిసికొనుట మేలని నా మనవి.