పద్దుల పుస్తకం నుంచి ట్యాబ్ తెర దాకా

మన సంఘాల్లో పొదుపు ఎంత పాతదో, లెక్క రాసుకోవడం కూడా అంత పాతదే. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, పొదుపు ఊరూరా పాకింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. పొలం కాగితాలు, బంగారం లేని మనకు బ్యాంకులో పూచీ ఏది? మన మినిట్స్ పుస్తకం, పొదుపు పద్దు. అవి సరిగా ఉంటేనే అప్పు పుట్టేది.

2000లో సెర్ప్ ఏర్పడి, వెలుగు కార్యక్రమం వచ్చాక సంఘం పైన గ్రామ సంఘం, దాని పైన మండల సమాఖ్య నిలబడ్డాయి. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు అనే అయిదు సూత్రాలు మనకు నోటికొచ్చాయి. సంతకం రాని అక్కలు కూడా ఆ రోజుల్లో లెక్కకు కాపలాదారులే. పుస్తకం అందరి మధ్యలో తెరిచి చదివేవాళ్లు. వంద తేడా వస్తే, "ఆగమ్మా, నేను పోయిన వారమే కట్టా" అని అక్కడే అనేవాళ్లం.

2011లో స్త్రీనిధి వచ్చింది. అడిగిన 48 గంటల్లో అప్పు చేతికందించాలన్నది దాని ఉద్దేశం. అంత వేగం కాగితాలతో అయ్యే పని కాదు. లెక్కలు కంప్యూటర్ ఎక్కాయి, తర్వాత ట్యాబ్, ఫోన్ వచ్చాయి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా లోక్‌ఓఎస్ అనే యాప్ తెచ్చింది. మేలు జరిగింది, కాదనలేం. కానీ పుస్తకం పది మందికీ కనిపించేది, తెర ఒక్కరి వైపే తిరిగి ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఏళ్లు గడిస్తే పాత పెంకుటిల్లు లాంటిదే. కొత్త పథకం వచ్చినప్పుడల్లా ఒక వసారా దించుతారు. బటన్లు పెరుగుతాయి, ఇంగ్లీషు పొడి అక్షరాలు పెరుగుతాయి, అవసరమైన గడి ఎక్కడో అడుగున పడుతుంది. ఇది చిన్న సంగతి కాదు. గడువులో వాయిదా కట్టిన సంఘాలకే వడ్డీ రాయితీ. తేదీ తప్పు పడితే మనం కట్టీ కట్టనట్టే.

అందుకే పాత తెరను మార్చాలనుకున్నప్పుడు ఆ ప్రణాళికలో మన మాట ఉండాలి. రంగులు, బొమ్మలు తర్వాత. ముందు వీవోఏలు రోజూ చేసే పనులేవో పక్కన కూర్చుని చూడాలి, అవే మొదటి తెర మీదికి రావాలి. పాత అప్పుల నిల్వలు కొత్తదానిలోకి ఎక్కించాక, సంఘం పుస్తకంతో పైసా పైసా సరిచూడాలి. ఒకటి రెండు ఊళ్లలో పాతది, కొత్తది కొన్నాళ్లు పక్కపక్కనే నడిపి చూడాలి. ఎంట్రీ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చెరగకుండా ఉండాలి. సభ్యురాలి లెక్క తెలుగులో, పెద్ద అక్షరాల్లో, చదివి వినిపించేలా కనబడాలి.

మన గన్నవరం మండలం కేసరపల్లిలోనే సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. ఆ చదువు మనకు దూరమేం కాదు. తెర ఎంత కొత్తదైనా, ప్రతి సమావేశంలో లెక్క పైకి చదివించుకోవడం మాత్రం మానొద్దు.