ఆరు తులాల ఆశ

సజ్జ మీది నుంచి స్టీలు డబ్బా దించి, పసుపు గుడ్డ మూట విప్పిందామె. గాజులు నాలుగు, ఒక గొలుసు, చెవి కమ్మలు, పెండ్లినాటి రెండు ఉంగరాలు. అన్నీ కలిపి ఆరు తులాలు. పుస్తెలతాడు లెక్కలో లేదు. గడప దగ్గర కూర్చున్న ఆయన తులానికి బ్యాంకువాళ్లు ఎంతిస్తారో, తక్కువపడ్డది ఎవరిని అడగాలో ఫోన్లో లెక్క కట్టుకుంటున్నాడు.

ముందు గదిలో ఐదేళ్ల పిల్లాడు నీళ్ల సీసా మూతలు పేరుస్తున్నాడు. నీలం మూతలన్నీ కిటికీ కింద ఒక్క వరస. నడుమ ఎక్కడో తెల్లది కనబడితే తీసి పక్కన పెడతాడు, మళ్లీ మొదటినుంచి సర్దుతాడు. అమ్మ గాజుల చప్పుడుకు ఒక్కసారి తలెత్తాడు. ఆ చప్పుడంటే వాడికి ఇష్టం.

సరూర్‌నగర్ చెరువుకు రెండు గల్లీల అవతల, రెండో అంతస్తు అద్దె ఇల్లు. 2026 జనవరి, సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం.

పాఠకులకు ముందే ఒక మాట. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఆటిజం ఉన్న పిల్లలుండే చాలా ఇళ్లలో జరిగేదాన్ని ఒక్క ఇంట్లోకి తెచ్చి రాశాను. అందుకే ఎవరికీ పేర్లు పెట్టలేదు. చట్టాలు, తేదీలు, అంకెలు, కోర్టు తీర్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

వాళ్లది సూర్యాపేట దిక్కు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పని. పిల్లాడికి రెండున్నరేళ్లు వచ్చినా మాట రాకపోతే నానమ్మ తేలిగ్గా తీసుకుంది. "వాళ్ల నాయనకు గూడ నాలుగేండ్లకు వచ్చినయ్ మాటలు. ఏం గాదు బిడ్డా." పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లాడు పక్కింట్లో మిక్సీ మోగితే చెవులు మూసుకుంటున్నాడని తల్లి ఒక్కతే గమనించింది. వినబడుతోంది, మరి పలకడేం?

ఆ ప్రశ్న పట్టుకుని సికింద్రాబాద్ పోయారు. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ అది, ఇప్పుడు నీపిడ్ అంటారు. మన దేశంలో ఆటిజాన్ని కొలిచే 'ఐసా' అనే కొలబద్ద తయారైంది అక్కడే. మొత్తం నలభై ప్రశ్నలు. కళ్లలోకి చూస్తాడా, ఒక్కడే ఆడుకుంటాడా, అన్నమాటే మళ్లీ మళ్లీ అంటాడా? మొత్తం 70 గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం. వీడికి 112 వచ్చింది. ఆ అంకె ఉన్న కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి.

ఈ ఊళ్లో వీడొక్కడే కాదు. దేశంలో ఐదుచోట్ల పిల్లల్ని పరీక్షించి 2018లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు నూటికి ఒకరు ఆటిజంతో ఉన్నారని తేలింది. అంటే ఈ కాలనీల్లో ప్రతి పెద్ద బడిలోనూ కొందరు ఉన్నట్టే.

డాక్టరు చెప్పిన మాట చిన్నది. "దీనికి మందు లేదమ్మా. థెరపీ చేయించండి, ఓపిక పట్టండి." బయట నలభై మంది నిలబడి ఉన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. కానీ ఐదు నిమిషాల్లో చెప్పి పంపితే ఇంటికి చేరేసరికి తల్లి చెవిలో మిగిలేది "మందు లేదు" ఒక్కటే.

మందు లేదంటే ఊరుకునే తల్లి ఉంటుందా? నానమ్మ కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కింది, ప్రదక్షిణలు చేసింది, పిల్లాడి మొలకు తాయెత్తు కట్టింది. దానివల్ల వాడికి పోయిందేమీ లేదు. గుళ్లో గంట మోగితే చెవులు మూసుకున్నాడు, ప్రసాదం తిన్నాడు, అంతే. తర్వాతది అట్లా కాలేదు. పాలు, గోధుమ మానిపిస్తే మాటలొస్తాయని ఎవరో ఫోన్లో వీడియో పంపారు. ఆ పథ్యం పనిచేస్తుందనడానికి గట్టి రుజువు దొరకలేదని డాక్టర్లు అంటూనే ఉన్నారు. అసలు చిక్కు వేరే ఉంది. ఈ పిల్లాడు లోకంలో తినేవే మూడు: పెరుగన్నం, చపాతీ, ఒక రకం గుండ్రటి బిస్కెట్టు. పథ్యం ఆ మూడింటినీ ఒక్క రోజే లాగేసుకుంది. కొబ్బరిపాలతో కలిపిన అన్నం ముద్దను వాడు వాసన చూసి పళ్లెం అవతలికి నెట్టాడు. పదకొండు రోజులు. పన్నెండోనాడు, చొక్కా విప్పితే ఎముకలు కనబడుతుంటే, ఆమె ఏడుస్తూ పెరుగు కలిపి పెట్టింది. గిన్నె ఖాళీ చేసి, అమ్మ చెయ్యి తీసుకుని వాసన చూశాడు.

ఆ తర్వాత వచ్చింది మూలకణాల మాట.

ఆ క్లినిక్ పేరు ఇక్కడ అవసరం లేదు. లోపల చల్లగా ఉంది. కౌన్సెలర్ వాళ్లతో గంటసేపు కూర్చుంది. పిల్లాణ్ని పేరు పెట్టి పిలిచింది, చేతికి తిరిగే బొంగరం ఇచ్చింది. రంగురంగుల మెదడు స్కాన్లు చూపించి "ఇది ముందు, ఇది తర్వాత" అంది. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని కణాలను వేరుచేసి, వెన్నులోకి ఎక్కిస్తారట. పిల్లాడికి మత్తు ఇస్తారట. ఖర్చు లక్షల్లో. మెట్లు దిగుతూ ఆయన అన్నమాట నన్ను చాలా రోజులు వెంటాడింది. "మనోణ్ని మనిషిలెక్క చూసిన్రు గదా." ఆ ఒక్క మాటకే ఆరు తులాలు బయటికి వచ్చాయి. మోసపోయేవాళ్లంతా చదువు లేనివాళ్లని, తెలివి లేనివాళ్లని అనుకోవడం అన్యాయం.

దీని కోవలోదే పాత సంగతి ఒకటి. అరుగుదల పరీక్షల్లో వాడే సెక్రెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కించాక అమెరికాలో ఒక పిల్లాడికి మాటలొచ్చాయని 1998లో గుప్పుమంది. వేలమంది తల్లిదండ్రులు ఆ ఇంజెక్షన్ కోసం పరుగెత్తారు. 1999లో డాక్టర్లు అరవై మంది పిల్లల్ని తీసుకుని సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్లు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు కొంత మెరుగయ్యారు, మందుకూ ఉప్పునీళ్లకూ తేడా కనబడలేదు. పిల్లలు ఎదుగుతారు, మంచి రోజులూ చెడ్డ రోజులూ వస్తుంటాయి, మందు వేశామని తెలిసిన కళ్లు మార్పు కోసమే చూస్తుంటాయి. ఈ సంగతంతా చెప్పాక కూడా నూటికి 69 మంది తల్లిదండ్రులు ఆ మందు కావాలనే అన్నారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ అన్నీ ఉప్పునీళ్లంత నిరపాయం కావు. ఒంట్లోని లోహాలు తీసేస్తామని ఎక్కించిన మందుతో 2005లో అమెరికాలోనే ఐదేళ్ల పిల్లాడు చనిపోయాడు. ఈ సరూర్‌నగర్ పిల్లాడికీ ఐదేళ్లే.

ఆ ఆదివారం రాత్రి క్లినిక్‌వాళ్లు సంతకం కోసమిచ్చిన కాగితాలు ఆమె మళ్లీ చదివింది. చైతన్యపురిలో స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి ముందురోజే రెండు ప్రశ్నలు చెప్పి పంపింది. నిజమైన పరిశోధన అయితే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, అది అడుగక్కా. పరిశోధనలో ఉన్న మందుకు రోగి దగ్గర పైసలు తీసుకోకూడదు, అదీ అడుగు.

కాగితం మూడో పేజీలో చిన్న అక్షరాలు: ఈ చికిత్స ఇంకా పరిశోధన దశలో ఉంది, ఫలితానికి హామీ లేదు.

పొద్దున్నే ఫోను చేసింది. ఆయన పక్కనే నిలబడ్డాడు.

"మేడమ్, మీ ట్రయల్ నంబరు చెప్తరా?"

"ట్రయల్ కాదు మేడమ్, ఇది ట్రీట్‌మెంట్. చాలామందికి చేసినం."

"మరి కాయితంల పరిశోధన అని రాసిన్రు గదా?"

"అది ఫార్మాలిటీ మేడమ్."

"పరిశోధన అయితే పైసలు తీసుకోవద్దంట. ట్రీట్‌మెంట్ అయితే హామీ ఇయ్యాలె. రెండిట్ల ఏది మేడమ్?"

అవతలి గొంతు సార్‌తో మాట్లాడి చెప్తానంది. ఆమె ఫోను పెట్టేసి స్టవ్ మీద పాలు దించింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "రేపు వాడు పెద్దయినంక, ఒక్కటి చేపిస్తే అయిపోవునేమో అని నాకనిపిస్తే?" అన్నాడు.

"నాకు ఇప్పుడు గూడ అనిపిస్తుంది," అందామె.

ఆ నెల 30న, శుక్రవారం, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ముంబైకి చెందిన యశ్ చారిటబుల్ ట్రస్టు వేసిన కేసు. ఆటిజానికి మూలకణ చికిత్సను అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప మామూలు వైద్యంగా ఇవ్వకూడదని కోర్టు తేల్చి చెప్పింది. నిజానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు 2017లోనే ఆ మాట అన్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2022లో మళ్లీ అంది. అన్నాళ్లూ ఎన్ని ఇళ్లలో ఇట్లాంటి డబ్బాలు సజ్జ దిగాయో! వద్దని రాసిన కాగితాలు ఢిల్లీలోనే ఉండిపోయాయి, రంగు స్కాన్లు మాత్రం ఇక్కడి తల్లుల ఫోన్లలోకి వచ్చాయి. ఇందులో నాకు కోపం ఉంది, దాచుకోను.

ఇంకో కోపం కూడా ఉంది. వద్దన్నారు సరే, కావలసింది ఎక్కడ? దగ్గర్లో ఉన్న థెరపీకి ఫీజు, ఫీజు తక్కువ ఉన్నచోటికి దూరం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్టు 'నిరామయ' బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీకి కూడా కొంత వస్తుంది. ఐదు నిమిషాల్లో మందు లేదని చెప్పేచోట ఇంకో ఐదు నిమిషాలు ఈ సంగతి చెప్పే మనిషి ఒకరు కూర్చుంటే చాలు. ఈ తల్లికి ఆ బీమా సంగతి సర్టిఫికెట్ వచ్చిన రెండేళ్లకు, థెరపీ వరండాలో ఇంకో తల్లి చెప్తే తెలిసింది.

గాజులు, కమ్మలు, ఉంగరాలు డబ్బాలోకి పోయాయి. గొలుసు పోలేదు. థెరపీ ఫీజుకు కుదువపెట్టారు.

ఇప్పుడు సోమవారాలు తల్లీ కొడుకూ బోయిన్‌పల్లి పోతారు. విక్టోరియా మెమోరియల్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి ఆటో. మొదట్లో తలుపు మూసుకునే ముందు వచ్చే బీప్‌కు వాడు నేలమీద పడి ఏడ్చేవాడు, జనం చూసేవాళ్లు. థెరపీ టీచరు చెప్పినట్టు ఆమె అట్టముక్కల మీద ఒక్కో స్టేషన్ బొమ్మ అతికించి, దారంతో గుచ్చింది. వచ్చే స్టేషన్ ఏదో ముందే తెలిస్తే వాడికి భయం తగ్గుతుంది.

నిన్నటి సోమవారం మలక్‌పేట్ దాటగానే వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు, బీప్ రాకముందే. తర్వాత ఒక చెయ్యి తీసి, అమ్మ ఒడిలోని అట్టల్లో ఎంజీబీఎస్ ముక్క వెతికి, దానిమీద వేలు పెట్టి ఉంచాడు. రైలు ఆగేదాకా తియ్యలేదు.